కెల్విన్ చొక్కాకు నిప్పు బ్యాడ్జి

అహరోను సారు పేరెత్తితే పటాన్‌చెరు మిషన్ బళ్లో చదివినవాళ్లు ఇప్పటికీ నిటారుగా నిలబడతారు. ముప్పై ఏళ్లు స్కౌట్ మాస్టరుగా చేసిన మనిషి. జిల్లా ర్యాలీలో షీల్డు తెచ్చాడు. మంజీరకు నీళ్లొచ్చినప్పుడు తాళ్ల వంతెన కట్టించి జనాన్ని, గొర్రెలను దాటించాడు. గవర్నరు గారే వచ్చి చేయి కలిపారు. ఇవన్నీ ఆయన మొదలుపెట్టకముందే వినేవాళ్లకు నోటికి వచ్చు. అన్నిటికన్నా గొప్పగా చెప్పుకునేది మాత్రం వేరే ఉంది: తన హయాంలో ఒక్క బ్యాడ్జీ పోలేదు, సంపాదించనివాడి భుజానికి ఒక్కటీ ఎక్కలేదు.

పాత రకం గుడ్డ బ్యాడ్జీల తయారీ ఆగిపోయాక ఆయనే ఒక ఆనవాయితీ పెట్టాడు. పదో తరగతి అయి పిల్లవాడు బడి వదిలే రోజు, అందరి ముందూ వాడి భుజం మీది కుట్లు బ్లేడుతో విప్పి, పరీక్ష నెగ్గిన తర్వాతివాడికి కుట్టేవాడు. చొక్కా ఇంటికి, బ్యాడ్జి ట్రూపుకు.

అలా బ్యాడ్జి విప్పిన చొక్కా ఒకటి ఆ పొద్దున ఏసమ్మ ఒళ్లో ఉంది. గుమ్మడిదల పక్క ఊళ్లో, ఇంటి ముందు టెంటు కింద కూర్చుంది. బొల్లారం మందుల ఫ్యాక్టరీలో రియాక్టరు అంటుకుని ఆమె కొడుకు కెల్విన్ కాలి చనిపోయాడు. బయటపడ్డవాడే, లోపల చిక్కిన బిహారీ కూలీ కోసం మళ్లీ వెళ్లాడు. ఆసుపత్రి వాళ్లు తల నుంచి కాళ్ల దాకా గుడ్డ చుట్టి ఇస్తామన్నారు. కొత్త బట్టలు తొడిగే వీలు లేదు గనక స్కౌటు చొక్కా అయినా పైన పరవాలని తల్లి కోరిక. చూడ్డానికి వచ్చిన అహరోను చేయి పట్టుకుంది.

"సారూ, ఫ్యాక్టరీ మేనేజరు ఏమంటుండో ఇన్నవా? ట్రైనింగు లేనోడు అడ్డంగ ఉరికిండంట. నా కొడుక్కు నిప్పు బ్యాడ్జి లేకుండెనా?"

"ఎందుకు లేదమ్మా, నేనే ఇచ్చిన. తడి గోనెసంచి కప్పుకొని పొగల పాక్కుంట పోయి బొమ్మను గుంజుకొచ్చిండు. నా కండ్ల ముంగటనే."

"మరి అది తెచ్చి ఈడ పెట్టు. ఆ మేనేజరు మట్టికి వస్తడంట. అందరి ముంగట సూడాలె వాడు. నాలుగింటికి పెట్టె మూస్తరు, జెర జల్దీ రా."

బ్యాడ్జి ఉన్న మేర రంగు వెలిసిపోకుండా చొక్కా భుజం మీద గుండ్రటి మచ్చ మిగిలింది. అహరోను దాని మీద వేలు పెట్టి చూసి లేచాడు.

సంగారెడ్డిలో ట్రూపుకు బట్టలు కుట్టిన బషీర్ ఇంకా యూనిఫాం దుకాణం నడుపుతున్నాడు.

"ఆ మాల్ బంద్ అయి ఎన్నేండ్లాయె సార్! ఇప్పుడొచ్చేటివి వేరే డిజైన్. అవి గూడ స్కౌట్ ఆఫీసుల కాగితం ఉంటేనే" అంటూనే డబ్బాలు బోర్లించాడు. వంటవాడి బ్యాడ్జి దొరికింది, ఈతగాడిది దొరికింది. నిప్పుది లేదు. ఎవరికోసమో విన్నాక బషీర్ డబ్బాలు పక్కకు నెట్టాడు. తర్వాత ఎంబ్రాయిడరీ మిషను ముందున్న భార్య కుల్సుమ్‌ను చూపించాడు.

"నమూనా నా కండ్లల్ల ఉంది సార్. మీరు చాయ్ తాగేలోపు ఈమె కుట్టిస్తది. తీస్కొని పోండ్రి."

"దుకాణంల కుట్టింది బ్యాడ్జి ఎట్లయితది బషీరూ? దొంగది పెడితే మేనేజరు మాటే నిజం చేసినట్టు గాదా?"

"సావుకాడ గూడ పరీక్షనా సార్?"

"నా ట్రూపుల గట్ల నడవదు."

కుల్సుమ్ ఎక్కించబోయిన ఎర్ర దారం తీసి పక్కన పెట్టేసింది.

కెల్విన్ నుంచి ఆ బ్యాడ్జి తర్వాతి కుర్రాడు రాకీకి వెళ్లింది. ఆ తర్వాత బడే మూతపడి, అది వాడి దగ్గరే ఉండిపోయింది. రాకీ ఇప్పుడు ముత్తంగిలో ఒక గోదాములో లోడింగు పని చేస్తున్నాడు. జంక్షన్ దగ్గర కంటైనరు లారీ అడ్డం తిరిగి షేర్ ఆటో కదలకపోతే సారు దిగి ఎండలో నడిచాడు. గేటు దగ్గర, షిఫ్టు మధ్యలో మనిషిని వదలరన్నారు. తన షీల్డు సంగతి, గవర్నరు సంగతి చెప్పాడు. కాపలావాడికి తెలుగు రాదు. "బైఠియే, బాబా" అని కుర్చీ జరిపాడు.

చాలాసేపటికి చెమట తుడుచుకుంటూ రాకీ వచ్చాడు. విషయం వినగానే పర్సు తెరిచి, మెత్తబడిపోయిన బ్యాడ్జి తీశాడు.

"జిందగీల నాకు ఒకలు ఇచ్చింది ఇదొక్కటే సార్. కెల్విన్ అన్నకు పెట్టుండ్రి." బండి మీద దింపుతానంటే సూపర్‌వైజరు ఒప్పుకోలేదు.

సారు ఏసమ్మ ఊరు చేరేసరికి టెంటు విప్పుతున్నారు. సమాధుల దొడ్డిలో, పచ్చి మట్టి పక్కన ఏసమ్మ కూర్చుని ఉంది. అహరోను అరచేయి తెరిచాడు.

"వానిదే అమ్మా. అసలుది."

ఆమె చూసింది. తాకలేదు.

"మేనేజరు వచ్చిండు సారూ. చొక్కా మీది మచ్చ చూపెట్టి, ఈడ నిప్పు బ్యాడ్జి ఉండె అన్న. ఊ అన్నడు. దండ ఏసి పోయిండు."

"లారీ అడ్డం పడ్డది... బషీరు పొద్దుగాలనే కుట్టిస్తనన్నడు గని, నకిలీది ఎట్ల పెడదమని..."

ఏసమ్మ తలెత్తింది. "కుట్టిస్తనన్నడా?"

ఆయన తలూపాడు.

"అసలేదో నకిలీ ఏదో నాకెరుకనా? ఆ మేనేజరుకెరుకనా? నీకొక్కనికే గద సారూ ఎరుక."

అహరోను అరచేయి మూశాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పో సారూ. పొద్దుగూకితే ఆటోలు దొరకయి" అంది. కోపంగా కూడా అనలేదు.