పదిహేడో నంబరు బోరు

నేను చదివింది ఊరి బడిలో ఏడో తరగతి దాకానే. అయినా నా పేరు సైన్సు పత్రికలో అచ్చయింది. మా వంశంలో ఇంకెవరికైనా ఆ యోగం పట్టిందేమో చెప్పమనండి! నీటి పరిశోధనశాలలో ముప్పై ఎనిమిదేళ్లు అటెండరుగా పనిచేశాను. నెలనెలా మొదటి సోమవారం అరవై నాలుగు బోర్ల దగ్గర నీళ్లు పట్టాను. వాన అని, జ్వరమని ఒక్క నెల తప్పలేదు. ప్రతి సీసానూ ఆ బోరు నీళ్లతోనే మూడుసార్లు తొలిచి, నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించేవాణ్ణి. పెద్ద చదువుల కుర్రాళ్లకు కూడా ఆ పని నేర్పింది నేనే. వీధిలో నన్ను సీసాలాయన అనేవాళ్లు. ఆ పేరుకు ఎన్నడూ చిన్నబోలేదు.

సీసాల మీద ఇంటివాళ్ల పేర్లు రాయకూడదు, నంబరే వేయాలి. అది మా నియమం. ఏ నంబరు ఎవరి గుమ్మమో నా నోటుబుక్కులో తప్ప ఇంకెక్కడా లేదు. పదిహేడు మా చెల్లెలిది. నేను కాక ఆ పుస్తకం తిరగేసింది తనొక్కతే. భర్త పోయాక బట్టలు కుట్టి ఒంటరిగా బతుకుతుండేది.

మా శాస్త్రవేత్త మేడమ్ ఆ నీళ్ల మీద వ్యాసం అచ్చు వేయించింది. చివరి పేజీలో కృతజ్ఞతలు చెబుతూ నా పేరు వేసింది, నాకొక ప్రతి ఇచ్చింది. మరుసటి ఏడే ఆవిడ కాలం చేసింది. నేను ఆ ప్రతికి రెండువైపులా అద్దం పెట్టి ఫ్రేము కట్టించాను. ముందు మొదటి పేజీ, వెనక చివరి పేజీ. వచ్చినవాళ్లందరికీ తిప్పి తిప్పి చూపించాను. నడిమి పేజీలు లోపలే ఉండిపోయాయి.

"మా నీళ్ల సంగతేం తేలిందన్నయ్యా?" అని చెల్లెలు అడిగింది.

"అంతా అచ్చులో ఉందే పిచ్చిదానా! ఏమైనా ఉంటే ఆఫీసులవాళ్లు చదివి చెప్పరా?" అన్నాను.

ఎవరూ వచ్చి చెప్పలేదు. పదకొండేళ్లకు చెల్లెలి కాళ్లు వాచాయి. మిషను తొక్కలేకపోయింది. కిడ్నీలు రెండూ పాడయ్యాయన్నారు. ఏ నీళ్లు తాగుతారని ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"మా నీళ్ల మీద పరిశోధనే జరిగిందమ్మా. అందులో నా పేరుంది," అన్నాను గొప్పగా.

ఆవిడ కంప్యూటరులో వెతికింది. వ్యాసం పేరు వచ్చింది, నాలుగు వాక్యాలు వచ్చాయి. అంతే, ఆపైన కదల్లేదు.

"చందా కట్టినవాళ్లకే మిగతాది చూపిస్తారట తాతగారూ. మా ఆసుపత్రి కట్టలేదు. మీ దగ్గర కాపీ ఏమైనా ఉందా?"

"ఉంది. గోడకు."

"దానికి మా అన్నయ్య రోజూ స్నానం కూడా చేయిస్తాడమ్మా," అని మంచం మీంచి చెల్లెలు నవ్వింది.

ఇంటికి పోయి తెచ్చాను. డాక్టరమ్మ బల్ల మీదే మేకులు పీకాం. నాలుగో పేజీలో పట్టిక ఉంది. నాకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు.

"పదిహేడులో కాడ్మియం, అంటే కిడ్నీలను పాడుచేసే లోహం, ఉండదగ్గదానికి పద్నాలుగు రెట్లు ఉంది. తొమ్మిది, ఇరవై రెండు, నలభై కూడా ఎక్కువే," అంది డాక్టరమ్మ. "ఈ పదిహేడు ఎవరిదండీ?"

నేను చెల్లెలి మంచంకేసి చూశాను.

"నాదేనమ్మా," అంది చెల్లెలు. నాకేసి తిరిగింది. "నేను అడిగిన రోజే విప్పి ఉంటే సరిపోయేది కదన్నయ్యా... సరే, ముందు తొమ్మిదో నంబరుకు వెళ్లు. అక్కడ పసిపిల్లలున్నారు."

పట్టికకు జిరాక్సులు తీయించి, ఒక్కొక్క దాని మీద ఇంటివాళ్ల పేరు రాశాను. సంగతి తెలిసి పరిశోధనశాల గుమస్తా పరుగెత్తుకొచ్చాడు.

"పత్రికవాళ్ల అనుమతి లేకుండా కాపీలు పంచకూడదు. పేర్లు అసలే బయటపెట్టకూడదు."

"నీ రూలు నీ దగ్గరే ఉంచుకోరా అబ్బాయ్. ఆ నంబర్లు వేసింది నేను."

మూడు రోజుల్లో అరవై మూడు గుమ్మాలు తిరిగాను. తొమ్మిదో నంబరు ఇంట్లో ఆ పిల్లల తల్లి కాగితం చూసి, "ఇప్పుడా చెప్పేది బాబాయ్?" అంది. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో నన్నెవరూ అలాంటి మాట అనలేదు.

చెల్లెలు నాలుగో నెలలో పోయింది. పంచగా మిగిలింది పదిహేడో నంబరు కాగితం ఒక్కటే. దాన్ని తన మిషను బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా కత్తెర ఉంచి వచ్చాను.