అరవమన్న డాక్టరమ్మ

అలేఖ్య బ్రాడీపేటలో చర్మవ్యాధుల డాక్టరు. ఆ పేటలో లైన్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. దేశమంతా తిరిగినవాణ్ణి, మెడ మీది తామర చూపించుకోవడానికి వెళ్లినప్పుడల్లా అక్కడే దారి తప్పుతాను. సరే, అది వేరే కథ.

ముఖం మీది గుంటల్లోకి జెల్ ఎక్కించే ఫిల్లర్ల పని ఆమెకు బాగా అబ్బింది. అయితే ఆ జెల్‌ను కరిగించే మందు పళ్లెంలో సిద్ధంగా లేకపోతే సూది ముట్టదు.

"పెళ్లిపీటల మీదే విడాకుల కాగితాలు పెట్టుకున్నట్టుంది మేడం," అంటుంది నర్సు కోటిరత్నం.

మొన్న వేసవిలో సత్తెనపల్లి వైపు నుంచి బిందుమాధవి వచ్చింది. మిరప పండించే మనిషి. చిన్నప్పటి సెగ్గడ్డ ఎడమ చెంప మీద గుంట మిగిల్చింది. ఫొటో అంటే ఆ చెంప దాచుకునేది. ఇక దాచుకోనని వచ్చింది.

"నొప్పి పుడితే వెంటనే చెప్పాలండి," అంది అలేఖ్య.

"నొప్పా! మిరపకాయల తొడిమలు తీసి అదే చేత్తో కళ్లు తుడుచుకున్నదాన్ని. మీరు కానివ్వండి డాక్టరమ్మా."

మా వైపు ఆడవాళ్ల గొప్ప ఇదే. కల్లంలో ఎంత ఘాటు లేచినా ఒక తుమ్ముతో సరిపెడతారు. మంట అన్నవాళ్లను ఏడాదంతా ఆటపట్టిస్తారు.

అలేఖ్య సూది దించి, సిరంజి పిడి కాస్త వెనక్కి లాగి చూసింది. రక్తం రాలేదు, అంటే సూది రక్తనాళంలో పడలేదన్నట్టే. అంతమాత్రాన నమ్మేయకూడదని ఆమెకు తెలుసు. చుక్కచుక్కగా ఎక్కిస్తూ, చర్మం మీంచి చూపు తిప్పలేదు.

"ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండంగా ఉంది," అంటూనే బిందుమాధవి కాలివేళ్లు ముడుచుకుంది. ముక్కు పక్కన చర్మం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

అలేఖ్య వెంటనే సూది తీసేసింది. వేలితో నొక్కి వదిలింది. ఎరుపు తిరిగి రాలేదు. జెల్ రక్తనాళానికి అడ్డుపడింది. ఆలస్యమైతే అక్కడి చర్మం చచ్చిపోతుంది.

"రత్నం, నీ విడాకుల కాగితాలు ఇటివ్వు."

కరిగించే మందు ఎక్కించింది. వెచ్చటి గుడ్డ వేసి, మెల్లగా మర్దన చేసింది. నొక్కి చూసి మళ్లీ మందిచ్చింది. మధ్యాహ్నానికి రంగు తిరిగొచ్చింది. గుంటా తిరిగొచ్చింది.

"నిజం చెప్పండి, నొప్పి పుట్టిందా?"

"ప్రాణం పోయినంత పనైందమ్మా. అరిస్తే నవ్వుతారని..."

"నాకు కావలసింది ఆ అరుపేనండీ!"

మర్నాడూ ఆ తర్వాతా పిలిపించి చూసి, చర్మం పూర్తిగా కోలుకున్నాకే మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి రక్తనాళంలోకి సులువుగా దిగని, మొద్దు మొన ఉన్న సూది తీసింది. చెంపకు ఏదో తగలగానే బిందుమాధవి కెవ్వుమంది.

"అది దూదేనండి," అంది కోటిరత్నం.

"అయితేనేం? చెప్పమన్నారుగా!"

"అలాగే అరవండి," అంది అలేఖ్య.

గుంట పూడేదాకా ఆమె అరుస్తూనే ఉంది. వీధిలో ఆటోవాళ్లు తొంగిచూశారు.