చావుల లెక్క చదివిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున్నే భీమవరం నుంచి అక్క ఫోన్ చేసింది. "నిద్రలోనే వెళ్ళిపోయిందే. కాఫీకి లేపితే లేవలేదు" అంది.

పెద్దమ్మ మహిళా కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైంది. ఎవరైనా "చాలామంది" అంటే చాలు, "ఎంతమందిలోనమ్మా?" అని అడిగేది. పెళ్ళి భోజనాల దగ్గరైనా అంతే. మాకు నవ్వొచ్చేది.

ఆ ప్రశ్న విలువ నిరుడు మొగల్తూరు దగ్గర మా అత్తగారి ఊళ్ళో తెలిసింది. వరసగా చావులు జరిగి, దానికి క్యాన్సర్ ఊరని పేరు పడింది. సంబంధాలు వెనక్కి పోయాయి. రొయ్యల చెరువులే కారణమని కొందరు, కాదని చెరువుల వాళ్ళు కొట్టుకునేదాకా వచ్చారు. నేను బతిమాలితే పెద్దమ్మ వచ్చింది. గొడుగేసుకుని ఇంటింటికీ తిరిగింది. పోయినవాళ్ళ వయసెంత, జబ్బు ఎప్పుడు బయటపడింది, తర్వాత ఎన్నాళ్ళున్నారు అని అడిగేది. వాళ్ళు ఏడిస్తే ఆ ఏడుపు తీరేదాకా కూర్చునేది.

తర్వాత పంచాయతీ ఆఫీసు ముందు అందరినీ పిలిచి మాట్లాడింది.

"కుర్రాళ్ళు ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. ఊళ్ళో మిగిలింది మా వయసువాళ్ళే. ఈ జబ్బు పెద్ద వయసులోనే ఎక్కువండి. కుర్రాళ్ళున్న ఊరితో మనల్ని పోలిస్తే ఎలా? పైగా చిన్న ఊరు. ఒక్క ఏడాది చూసి ఏదీ తేల్చలేం."

"అయితే చెరువుల తప్పేం లేదంటారా మేడంగారూ?" అన్నారు మాజీ సర్పంచ్‌గారు.

"అలా అనట్లేదండి. అది ఈ లెక్క చెప్పదు. నీళ్ళు పరీక్ష చేయించాల్సిందే. కానీ ఒకటి గమనించాను. మన ఆడవాళ్ళు జబ్బు బయటపడిన కొద్ది నెలలకే పోతున్నారు. జబ్బు ఎక్కువై కాకపోవచ్చు. దాచుకుని, దాచుకుని ఆలస్యంగా వెళ్తున్నామేమో."



పెద్దమ్మే తిరిగి తిరిగి డాక్టర్లను ఒప్పించి ఊళ్ళో పరీక్షలు పెట్టించింది. మా తోటికోడలు రానంది. "రొమ్ములో గడ్డని ఎవరికి చెప్పుకోను పెద్దమ్మగారూ?" అని ఏడ్చింది. "నాకు చెప్పావు కదమ్మా, ఇక పద" అని పెద్దమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆమెతోపాటు మరికొందరికి జబ్బు బయటపడింది. ఊరు మళ్ళీ భగ్గుమంది. "ఈవిడొచ్చాకే పెరిగిందండి!" అని మొహం మీదే అన్నారు.

"పెరగలేదు నాన్నా, కనిపించింది. లోపల ఎప్పట్నుంచో ఉన్నదే" అంది, గొంతు కూడా పెంచకుండా. మళ్ళీ తనే, "అందరూ బతుకుతారని నేను చెప్పలేను. కొందరికి టైం దొరికింది, అంతే" అంది.

ఊరంతా వణికిన ఆ లెక్కలోంచే ఆవిడ మనుషుల్ని బతికించే దారి వెతికింది.

మొన్న ఆ ఊరి ఆడవాళ్ళు ఆటోల్లో వచ్చారు. మందులకు ఊడిన జుట్టు మా తోటికోడలికి ఇప్పుడిప్పుడే వస్తోంది. తలమీద కొంగు కూడా కప్పుకోలేదు. అక్కనడిగి దువ్వెన తీసుకుని పెద్దమ్మ తల దగ్గర కూర్చుంది. ఆ తెల్లటి జుట్టును, నొప్పెడుతుందేమో అన్నట్టు, చిక్కులు తీస్తూ నెమ్మదిగా దువ్వుతూ ఉండిపోయింది.