నీడలేని పుల్ల

సరిహద్దు పోస్టుకు చేరేసరికి ఉదయం పది నలభై. పదిహేను వేల అడుగుల ఎత్తు. మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. రెండు బంకర్లు, పదకొండు మంది, ఒక జనరేటర్, ఒక రేడియో. బంకర్ కప్పు మీద నాలుగు చిన్న సోలార్ పలకలు పడుకోబెట్టి ఉన్నాయి. మూడు నెలల డ్యూటీ. బ్యాటరీలు నిండుగా ఉంచడం నా పని.

రేడియో ఆపరేటర్‌ది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. నాది రఘునాథపల్లి. "జర నిమ్మలంగ నడువన్నా, గీడ ఊపిరందది," అన్నాడు. అంత దూరాన మన మాట వినగానే చుట్టం ఎదురైనట్టయింది.

ఆరో వారంలో మూడు రోజులు ఆగకుండా మంచు పడింది. కింది దారి మూసుకుపోయింది. జనరేటర్ చెడిపోయింది. నాలుగో రోజు ఎండ కాసింది కానీ, వంట చేసే జవానుకు ఆయాసం మొదలైంది. పెదవులు నీలంగా మారాయి.

"ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. ఆక్సిజన్ సాయంత్రం దాకానే. హెలికాప్టర్ రావాలి," అని నర్సింగ్ అసిస్టెంట్ మా పోస్టు పెద్ద సుబేదార్ సాబ్‌కు చెప్పాడు.

ఆపరేటర్ మీట నొక్కాడు. రేడియో ఒక్క ముక్క పలికి ఆగిపోయింది. "ఇనుడైతే ఇనవడ్తాంది. మాట్లాడుదామంటేనే సచ్చిపోతాందన్నా," అన్నాడు. బ్యాటరీలో మాట పంపేంత ఛార్జి లేదు.

పలకల మీది మంచు ఊడ్చాను. లాభం లేదు. చలికాలంలో అక్కడ సూర్యుడు దక్షిణాన బాగా కిందుగా నడుస్తాడు. పడుకోబెట్టిన పలకను ఎండ రాసుకుంటూ పోతుందే తప్ప నేరుగా తాకదు. పైగా తూర్పు కొండ నీడ పదకొండున్నర దాకా బంకర్ మీద నుంచి కదలదు. నలభై అడుగుల అవతల రాతి దిన్నె మీద మాత్రం తొమ్మిదికే ఎండ. ఆరు వారాలు రోజూ చూశాను, ఆలోచించలేదు. సిగ్గేసింది.

సుబేదార్ సాబ్‌ని అడిగాను. "దిన్నెకు ఇవతలి వైపే పెట్టు, సరిహద్దు అవతలికి మెరుపు కనిపించకూడదు. గంట టైమ్," అన్నాడు హిందీలో.

తొమ్మిదింబావుకు మొదలుపెట్టాం. పలకలు మోసుకెళ్లి, ఖాళీ గుండ్ల పెట్టెల్లో రాళ్లు నింపి, వాటికి ఆనించాం. ఒక పలకకు నిటారుగా చిన్న పుల్ల కట్టాను. పలక సూర్యుడికి సరిగ్గా ఎదురైతే పుల్లకు నీడ ఉండదు.

"నీడ మీదికి పడుతాంది. బెత్తెడున్నదన్నా."

"లేపు."

"ఇగ రెండు వేళ్ల మందమే."

"ఇంకా లేపు."

"లేదన్నా. నీడనే లేదు."

పది గంటల పది నిమిషాలు. ఛార్జి మీటరు ముల్లు కదిలింది. అరగంటకోసారి పలకలను సూర్యుడితో పాటు తిప్పాం. పన్నెండూ ఐదుకు ఆపరేటర్ మళ్లీ మీట నొక్కాడు. మా పోస్టు పేరు, రోగి పరిస్థితి, గాలి దిశ. ఒక్క మాట తెగలేదు. అవతలి నుంచి జవాబు వచ్చింది: "బయలుదేరుతున్నాం." బంకర్‌లో అందరం ఒకర్నొకరం కావలించుకున్నాం. రెండుంబావుకు హెలికాప్టర్ వచ్చి జవానును తీసుకెళ్లింది. పదిహేను రోజులకు కబురందింది: లేచి తిరుగుతున్నాడు, ఆసుపత్రి పప్పులో ఉప్పు లేదని గొడవపడుతున్నాడు.

సర్వీసు ముగించుకుని ఊరికొచ్చాక మా ఇంటి మీద పలకలు పెట్టించాను. బిగించే అతను వాటిని రోడ్డు వైపు తిప్పబోయాడు. మా అవ్వకూ అదే నచ్చింది. "రోడ్డు మీద పొయ్యెటోళ్లకు మంచిగ కనవడ్తయి గద బిడ్డా," అంది.

"పొయ్యెటోళ్లకు గాదవ్వా, సూర్యునికి కనవడాలె," అన్నాను. దక్షిణానికి తిప్పి, పద్దెనిమిది డిగ్రీల వాలులో, నీళ్ల ట్యాంకు నీడ తగలని చోట బిగించాం. ఇప్పుడు పలకలు ఎటు తిప్పాలో చూడమని దేవరుప్పుల నుంచీ, బచ్చన్నపేట నుంచీ పిలుస్తారు. మొన్న భూపాలపల్లిలో కూడా ఒక డాబా ఎక్కి వచ్చాను.

ఒక్కటి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. ఆ రోజు హెలికాప్టర్ రెక్కల గాలికి పలకలు ఎగిరిపోబోయాయి. ఆపరేటర్ పరుగెత్తి, చేతులు చాచి, వాటి మీద బోర్లా వాలిపోయాడు. హెలికాప్టర్ వెళ్లిపోయాక కూడా లేవలేదు. భయపడి దగ్గరికి పోయాను. చెంప పలక అద్దానికి ఆనించి, కళ్లు మూసుకుని నవ్వుతున్నాడు.

"ఎచ్చగున్నదన్నా," అన్నాడు.