ఆ రోజు స్టార్ట్ కాని ఫట్‌ఫటి

వానాకాలం వచ్చిందంటే నా కుడి మోకాలు సలుపుతుంది. అడిగినవాళ్లందరికీ బియ్యం మరలో జారిపడ్డానని చెప్పాను. నా భార్యకూ అదే చెప్పాను. ఆమె పోయేదాకా అదే నమ్మి, ఆముదం వెచ్చజేసి రుద్దింది. నేను మరలో ఎప్పుడూ జారిపడలేదు. ఆ మోకాలితో పాటు ఈ అబద్ధాన్ని కూడా ఇన్నేళ్లు మోశాను. రెంటిలో ఏది ఎక్కువ బరువో చెప్పలేను.

ఖాజా సాబ్ చనిపోయాడని పోయిన నెల తెలిసింది. జల్‌పల్లి నుంచి వచ్చిన ఒకాయన మాటల్లో మాటగా చెప్పాడు. ఇక నన్ను నిలబెట్టి అడగగలిగే మనిషి లేడు. నిజానికి నాకు నిమ్మళం కావాలి. కాలేదు. భయం ఎక్కువైంది. దేనికి భయం? అది తెలియకనే ఇది రాస్తున్నాను.

ముందే చెబుతాను, నేను అర్జీల మనిషిని. మా ఇంటి ముందు మోరీ గురించి రాశాను. మిల్లులో నా జాగాలో ఇంకొకరిని కూర్చోబెట్టినందుకు రాశాను. పెళ్లి బంతిలో నన్ను ఆఖరి వరసకు తోసిన మేనమామ మీద కులపెద్దలకు కాగితం పెట్టాను. నన్ను ఎవరు ఎప్పుడు ఏ మాటన్నారో, అప్పుడు వాళ్లు ఏ రంగు అంగీ తొడుక్కున్నారో కూడా చెప్పగలను. ఇంతమంది తప్పులు రాసినవాడిని, నా తప్పు ఒక్క కాగితం మీదా పెట్టలేదు.

నిజాం జమానా చివరి రోజులు. ఇబ్రహీంపట్నంలో బియ్యం మర ఆయిల్ ఇంజను నా చేతి కింద ఉండేది. ఖాజా సాబ్ సర్కారు కచేరీలో గుమస్తా. సన్నటి మనిషి, మెత్తటి మాట. తల్లి జల్‌పల్లిలో ఒంటరిగా ఉండేది. ఆమె దగ్గరికి పోయి రావడానికని, యుద్ధం అయిపోయినంక లష్కర్‌లో వేలం వేసిన పాత మిలట్రీ సామాన్లలో ఒక ఫట్‌ఫటి, అదే మోటారు సైకిలు, కొన్నాడు. ఎడ్లబండి మీద వేసుకొని తెచ్చాడు. ఎన్ని దేశాలు తిరిగిందో ఏమో, మైళ్ల మీటరు ముప్పై వేలు దాటి అక్కడే ఆగిపోయింది. చక్రాల పుల్లలు విరిగినవి. టాంకీకి తూట్లు. కిక్కు కొడితే గానుగ తిప్పినట్టు మూలుగు తప్ప ఏమీ లేదు.

దాన్ని మా ఇంటి కొట్టంలో పెట్టుకున్నాం. ఎద్దును బయట కట్టేశాను. శుక్రవారం కచేరీకి సెలవు, మర కూడా బందు. ఎనిమిది నెలల శుక్రవారాలు ఆ బండికే పోయాయి. ఇంజను విప్పి ఒక్కొక్క ముక్కను పాత చీర మీద వరసగా పెట్టాను. చింతపండు, ఇటుక పొడి వేసి తుప్పు రుద్దాను. అరిగిన బ్రేకులకు మర పట్టా తోలు కోసి బిగించాను. అట్టముక్క ఆముదంలో నానబెట్టి, ఇంజను సందుల్లో నూనె కారకుండా గాస్కెట్టు చేశాను. నిప్పురవ్వ పుట్టించే డబ్బాలో చెమ్మ చేరితే చాటలో పెట్టి నాలుగు రోజులు ఎండబెట్టాను. ఖాజా సాబ్ పక్కన పీట వేసుకొని కూర్చునేవాడు. అడిగితే పానా అందించేవాడు. అందులోనూ సగంసార్లు తప్పు పానా.

అది ముసలి బండి. బాగైనాక కూడా అందరి మాట వినేది కాదు. ఎడమ చేతి పిడి దగ్గర ఒక మీట ఉంటుంది, నిప్పురవ్వ ముందు పడాలా వెనక పడాలా చెప్పేది. దాన్ని సరిగ్గా ఒక చోట నిలిపితేనే ఇంజను అందుకుంటుంది. నేనే ఆకురాయితో అక్కడ సన్నగా గీత పెట్టాను. ఆ గీత సంగతి నాకు, ఖాజా సాబ్‌కు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

అది మొదటిసారి కూసిన రోజు శుక్రవారమే. ఖాజా సాబ్ సంబరంగా తన బామ్మర్దిని వెనక ఎక్కించుకొని ఊరంతా తిరిగాడు. నేను చాయ్ హోటల్ బల్ల మీద కూర్చొని ఉన్నాను. బండి అక్కడ ఆగింది. ఎవరో అడిగారు, ఎవరు బాగుచేసిన్రు సాబ్ అని. ఆయన నవ్వి, “ఇంట్లనే చేసుకున్నం” అన్నాడు.

అంతే. నా పేరు ఎత్తలేదు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆ రోజు ఆయన తెల్ల షేర్వాణీ వేసుకున్నాడు. ఇవాళ ఈ కాగితం ముందు కూర్చొని కూడా, ఆయన నా పేరు చెప్పాల్సింది అనే అనిపిస్తున్నది. చూశారా, నేను ఎట్లాంటి మనిషినో.

తర్వాత ఊళ్లల్లో దొరల మీద రైతుల సంగం లేచింది. రజాకార్ల తిరుగుడు మొదలైంది. ఖాజా సాబ్ వాళ్లతో కలవలేదు, తలవంచుకొని కచేరీకి పోయి వచ్చేవాడు. ఒకసారి తల్లికి జ్వరమని బస్సులో జల్‌పల్లి పోతూ, గాస్కెట్టు మార్చమని బండిని నా దగ్గర వదిలాడు. రెండో రోజు పొద్దున, గాస్కెట్టు బిగించడం అప్పుడే అయిపోయింది, రజాకార్లు నలుగురు మా కొట్టంలోకి వచ్చారు. వాళ్లకు బండి కావాలి. ఒకడు కిక్కు కొట్టాడు. ఇంకొకడు కొట్టాడు. ఎక్కడ అందుకుంటుంది? నేను గోడకు ఆనుకొని చూస్తున్నాను. కాసేపయితే విసుగొచ్చి పోతారు. పోబోయారు కూడా. వాళ్ల నాయకుడు టాంకీని కాలితో తన్ని, “ఖరాబ్ బండి, వదిలేయ్” అన్నాడు.

నేను ఊరుకోవాల్సింది. నా తల మీద తుపాకి పెట్టినవాడు లేడు. నన్ను అడిగినవాడు కూడా లేడు. కానీ ఖరాబ్ అన్నాడు. ఎనిమిది నెలల నా చేతి పనిని తన్ని ఖరాబ్ అన్నాడు. నేను ముందుకు పోయి, ఖరాబ్ కాదు అన్నాను. మీట చూపించాను. గీత చూపించాను. ఒక్క కిక్కుకు బండి లేచింది. ఆ నాయకుడు నా భుజం తట్టి, “షాబాష్ ఉస్తాద్” అన్నాడు. ఆ మాట నాకు తీపిగా తగిలింది. ఇది రాయడానికే ఇన్ని రోజులు పట్టింది. తీపిగా తగిలింది.

వాళ్లు ఆ బండి మీద పోయిన ఊళ్లో ఎప్పుడూ ఒక కాపలావాడు గుట్ట మీద ఉండేవాడు. రజాకార్లు నడిచి వస్తుంటే చూసి డప్పు కొట్టేవాడు, మగవాళ్లు చేలల్లోకి పోయేవాళ్లు. ఆ రోజు డప్పు మోగేసరికే ఫట్‌ఫటి ఊరి నడుమ ఉన్నది. సంగంలో పనిచేసే ఒక రైతును ఇంట్లోనుంచి ఈడ్చి కొట్టారు. మూడో రోజు ఆయన పోయాడు. పొద్దుగూకకముందే బండిని తెచ్చి మా కొట్టంలో పడేశారు. నేను దాన్ని కడిగాను. చక్రాలకు అంటిన మట్టి ఎర్రగా ఉంటే, అది మట్టేనని రెండుసార్లు వేలితో చూసుకున్నాను. ఖాజా సాబ్ వచ్చాక గాస్కెట్టు మార్చానని చెప్పి అప్పగించాను. ఇంకేమీ చెప్పలేదు.

పోలీసు చర్య అయింది. మిలట్రీ వచ్చి ఊరి బయట డేరాలు వేసింది. చనిపోయిన రైతు భార్య అక్కడికి వచ్చి, ఫట్‌ఫటి మీద వచ్చి చంపిన్రని చెప్పుకున్నది. ఈ చుట్టుపట్ల ఫట్‌ఫటి ఒక్కటే. దాన్ని నెట్టుకొచ్చి ఎండలో నిలబెట్టారు. ఖాజా సాబ్‌ను పిలిచారు. నన్నూ పిలిచారు. అధికారి హిందీలో అడుగుతున్నాడు, మాకు తెలిసిన ఉర్దూలో మేము జవాబిస్తున్నాం.

“ఆ రోజు నేను ఊర్ల లేను సాబ్, జల్‌పల్లిల అమ్మ దగ్గర ఉన్న,” అన్నాడు ఖాజా సాబ్. “బండి ఈ భాయ్ ఇంట్ల ఉండె. దీన్ని బాగుచేసింది గూడ ఈయననే. నేను పానా అందిచ్చుడు తప్ప ఏం చెయ్యలే. అంత ఈయన చేతి హున్నరే.”

అందరి ముందు చెప్పాడు. నేను ఎన్నాళ్లనుంచో వినాలనుకున్న మాట. మెడకు ఉరితాడు లెక్క వచ్చింది.

అధికారి నా వైపు తిరిగాడు. “నీకు దీన్ని స్టార్ట్ చేయడం వస్తదా?”

“రాదు సాబ్. నేను బియ్యం మరల కూలి పని చేసెటోన్ని. తుప్పు తుడిచిన, అంతే. ఇది ఆయన మాట తప్ప ఎవ్వరి మాట వినదు.”

“భాయ్,” అన్నాడు ఖాజా సాబ్ మెల్లగా. “నీకు తెల్వదా?”

“నాకేం తెల్సు సాబ్.”

అధికారి బండి చూపించి, కొట్టి చూడు అన్నాడు.

ఎక్కాను. ఎండకు ఇంజను కాగి ఉన్నది. వేడి మీద అది ఒక్కోసారి దానంతటదే అందుకుంటుంది, ఆ సంగతి నాకు తెలుసు. ఇప్పుడు అందుకుంటే? నా చేతి పని మంచిదైతే నేను పోతాను. చెడిపోవాలని మొక్కుకున్నాను. బొటనవేలితో గీతను కప్పి మీటను పూర్తిగా ముందుకు తోశాను. మొదటి కిక్కుకు ఏమీ లేదు. రెండో కిక్కుకు బుస్సుమన్నది, నా పానం పోయింది. మూడో దానికి కిక్కు ఎదురు తన్ని మోకాలి చిప్ప మీద పడింది. కింద కూలబడ్డాను. ఎవరో నీళ్లు తెచ్చారు. పాపం అన్నారు.

ఖాజా సాబ్ నా మోకాలి వైపు చూడలేదు. నా బొటనవేలి వైపు చూస్తున్నాడు.

ఆయన మళ్లీ నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదు? చెప్పినా వినేవాళ్లు లేరని తెలిసిందా? ఆ రోజుల్లో ఆయన పేరే ఆయనకు శత్రువని తెలిసిందా? లారీ ఎక్కించి తీసుకుపోయారు. బండినీ తీసుకుపోయారు. రెండేళ్లకు ఆయనను వదిలారు. అప్పటికి నౌకరీ పోయింది, తల్లి పోయింది. జల్‌పల్లిలో కాగితాలు కుట్టి నోటుబుక్కులు చేసి బతికాడని విన్నాను.

భయంతో చేశాను, అని చెప్పుకుంటూ వచ్చాను. భయం నిజమే. నాకు పెళ్లయి అప్పటికి ఏడాది. కానీ నీకు తెల్వదా అని ఆయన అడిగినప్పుడు, సరిగ్గా ఆ క్షణాన, నాకు చాయ్ హోటల్, తెల్ల షేర్వాణీ, ఇంట్లనే చేసుకున్నం అన్న మాట గుర్తొచ్చాయి. ఇప్పుడు చెప్పు ఆ మాట, అనుకున్నాను లోపల. భయం ఒక్కటే అయితే అది గుర్తొచ్చేదా? దీనికి నా దగ్గర జవాబు ఉన్నది. అందుకే అడగడం మానేశాను.

తర్వాత ఒక్కసారే కలిశాడు. బస్సులో, నా వెనక సీటులో. నేను చూడనట్టు కిటికీ వైపు తిరిగాను. ఆయన ముందుకు వంగి, “కాలెట్లున్నది, ఉస్తాద్?” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే దాని మీద కూడా ఒక అర్జీ రాసుకునేవాడిని. నేను తుర్కయాంజాల్‌లో దిగిపోయాను. నా ఊరు ఇంకా చాలా దూరం. కుంటుకుంటూ నడిచాను.

ఆ రైతు భార్య ఉన్నదో లేదో తెలియదు. తెలుసుకోలేదు. క్షమించమని అడగడానికి నాకు ఎవరూ మిగలలేదు, మిగిలినా అడిగేవాడిని కాదేమో. ఆ రోజు డేరా ముందు ఖాజా సాబ్ అడిగిన దానికి జవాబు మాత్రం ఇస్తాను.

పెట్రోలు నల్లా తిప్పాలి. కార్బొరేటరు పక్కన చిన్న బొడిపె ఉంటుంది, వేలు తడిసేదాకా దాన్ని నొక్కి పట్టాలి. ఎడమ చేతి మీటను గీత దగ్గరికి తేవాలి, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకూడదు. కిక్కును మెల్లగా తొక్కుతూ పోతే ఒకచోట బిగుసుకుంటుంది. అక్కడ ఆగి, ఊపిరి పట్టి, ఒక్కటే దెబ్బ.

లేస్తుంది. నాకు తెలుసు సాబ్. ఆ గీత పెట్టింది నేనే.