ఊక, బూడిద, నేను చెప్పని మాట

విజయనగరంలో జరిగిన ఆ శిక్షణకు నన్ను పిలిచింది మాట్లాడటానికి. అంశం: చేపల మార్కెట్ చెత్త నుంచి వాసన లేని కంపోస్టు. నేను శ్రీకాకుళం వైపు, సముద్రానికి దగ్గరున్న ఒక చిన్న మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. వాసన విషయంలో నా అనుభవాన్ని ఎవరూ శంకించలేరు.

మా కంపోస్టు యార్డు పక్కనే కాలనీ ఉంది. రొయ్యల తలలు, చేప పొట్టలు కుళ్లిన కంపుకి కాలనీవాళ్లు కిటికీలు తెరవడం మానేశారు. నాకు ఫోన్ చేయడం మాత్రం మానలేదు. యార్డు ఎత్తేయమని అర్జీ పెట్టారు. ఎత్తేస్తే అందులో పనిచేసే ఆరుగురు ఆడవాళ్లకు పనుండదు. అందుకని అంతకుముందు శిక్షణల్లో నేర్చుకున్న విద్యలన్నీ ప్రయోగించాను. బెల్లం నీళ్లు చల్లించాను, పుల్ల మజ్జిగ చల్లించాను. ఎవరో చెబితే నౌపడ నుంచి ఉప్పు కూడా తెప్పించాను. వాసన తగ్గలేదు. ఈగలు మాత్రం పుష్టిగా తయారయ్యాయి.

ఆ ఆరుగురిలో పెద్దావిడది చేపలు పట్టే కుటుంబం. నాకంటే పెద్దది కనక, మా వైపు అక్కని పిలిచినట్టే, అప్పా అని పిలుస్తాను. ఒకరోజు ఆవిడ పార పక్కన పెట్టి, "బాబూ, దానికి వంట సేస్తన్నావా ఏటి? నువ్వు తప్పుకో," అంది. కింద మిల్లు ఊక జానెడు మందాన పరిచింది. దాని మీద చేప చెత్త, మళ్లీ ఊక, పైన బూడిద. మూడు వారాలు ఎవరూ కుప్పను కదపకూడదంది. నేను రోజూ తిరగేయించేవాణ్ని, పుస్తకంలో అలాగే ఉంది మరి. నెల తిరిగేసరికి వాసన పోయింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదప్పా అంటే, "నువ్వడిగితే గదా," అంది.

విజయనగరం హాల్లో తెర మీద మాత్రం నా ఫొటో ఉంది. అందులో నా వెనక ఆ ఆరుగురూ ఊక బస్తాలు మోస్తున్నారు. సిగ్గుపడాల్సిన విషయమే, కానీ ఫొటో బాగా వచ్చింది.

నేను మాట్లాడటం అయ్యాక ప్రశ్నలు మొదలయ్యాయి. వానాకాలం ఏం చేస్తారు? తడిసిన ఊక పనికొస్తుందా? నా జ్ఞానం అప్పటికే అయిపోయింది. చేసేది లేక అప్పకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, మైకు దగ్గర పట్టుకున్నాను.

"తడి ఊక వెయ్యకండి బాబూ, ఇంకా కంపు కొడతాది. వానొస్తే పైన తాటాకు కప్పండి," అంది. హాలంతా రాసుకున్నారు. నేను మాట్లాడినంతసేపూ ఒక్క పెన్నూ కదల్లేదు. ఆవిడ చెప్పడం అయ్యాక చప్పట్లు కూడా కొట్టారు.

చప్పట్లు విని ఆవిడకు హుషారొచ్చింది. "బాబూ, పెద్దాఫీసర్లు అక్కడే ఉన్నారు గదా. కంపు పోనాది. మరి మన యార్డు ఉంటాది గదా? ఓపాలి అడిగి సెప్పు."

అడగక్కర్లేదు, నాకు తెలుసు. వచ్చే నెల నుంచి చెత్తంతా లారీల్లో దూరంగా ఉన్న పెద్ద ప్లాంటుకు పోతుంది. ఆ కాగితం నా టేబుల్ మీదకొచ్చి పది రోజులైంది. ముందే చెబితే ఈ శిక్షణకు కావలసిన వివరాలు ఆవిడ చెప్పదేమోనని భయపడ్డాను. ఛీ, ఎంత నీచం! కానీ నిజం అదే.

"ఉండదప్పా," అన్నాను, మైకులోనే. "వచ్చే నెల ఎత్తేస్తారు."

ముందు వరసలో ఆఫీసర్లు ఫైళ్లు తెరిచి చూసుకోసాగారు.

"నీకెప్పుడు తెలిసినాది బాబూ?"

"పది రోజులైంది."

"మొన్న మేం ఆరుగురం మిల్లుకాడి నించి ఊక మోసుకొచ్చినాం. నువ్వు ముందర నించోని ఫొటో తీయించుకున్నావు."

నేను ఫోన్‌ని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

"సరే, ఆల్లకింకేటి కావాలో అడగమను. వచ్చే నెల నాను దొరకను."

ఎవరూ ఏమీ అడగలేదు. నా వెనక తెర మీద ఆ ఫొటో ఇంకా అలాగే ఉంది.