బావ ఉక్కు, బాపు తీయించిన వంకర

నిన్న బోధన్ నుంచి తెచ్చిన పటికబెల్లం పగలగొడుతుంటే పలుకులు తళుక్కుమన్నాయి. నా మొహం మాత్రం మాడిపోయింది. సరిగ్గా అలాంటి పలుకులే ఒకసారి మా వాకిట్లో, అందరి ముందూ, ఉక్కులో చూశాను.

మా అక్క మొగుడు, అంటే మా బావ, గల్ఫ్‌లో గడ్డకట్టే చలిలో గ్యాసును నిలవుంచే ట్యాంకులకు వెల్డింగు చేసేవాడు. సెలవుకు వస్తూ జానెడు నికెల్ ఉక్కుముక్క తెచ్చి, "మామూలు ఇనుము గడ్డకట్టే చలిల పెంకు లెక్క పగులుతది. గిది పగులది" అన్నాడు, అంతే. ఆ మాటను నిజామాబాద్ చాయ్ హోటళ్లన్నిటికీ మోసింది నేను. ఏనుగు తొక్కినా, పిడుగు పడినా, హిమాలయం వచ్చి మీద కూర్చున్నా పగలదన్నాను. అది చివరికి బోధన్ రోడ్డులో గ్యాసు ప్లాంటు పెడుతున్న సేటు చెవిన పడింది. కళ్లారా చూపిస్తే బావకు పని ఇస్తానన్నాడు. బావ మళ్లీ విమానం ఎక్కకుండా ఉండటానికి అదొక్కటే దారి. అక్క సేటు కుర్చీ మీద కొత్త తువ్వాల పరిచింది.

పశువుల డాక్టరును బతిమాలి, ఆబోతు విత్తనాన్ని గడ్డకట్టించి దాచే ద్రవ నత్రజని డబ్బా తెచ్చాం. బావ సేటును తోలుకురావడానికి పోతే, ఒక మామూలు ఇనుప కడ్డీనీ, బావ ముక్కనూ అందులో ముంచింది నేనే. సేటు కూర్చున్నాక, చలికి పొగలు కక్కుతున్న మామూలు కడ్డీని బావ సుత్తితో కొట్టాడు. రెండైంది. నేను పిలిచిన జనం, అంటే సగం జిల్లా, చప్పట్లు కొట్టారు. తరవాత తన ముక్కను కొట్టాడు. టప్పున అదీ రెండైంది.

బావ విరిగిన చోటు చూశాడు. పటికబెల్లం లెక్క పెద్ద పెద్ద పలుకులు.

"దీన్ని ఎవరన్న కాల్సిండ్రా?"

మా బాపు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "నేనే అల్లుడా. కొస జర వంకరుండె. సేటు ముందట మంచిగ కనవడాలెనని కమ్మరి కాడ ఎర్రగ కాల్పిచ్చి సాపు చేయించిన."

"లోపటి పలుకులు సన్నగుండాలె మామా. నడుమ నడుమ జర మెత్తటి ఉక్కుంటది, పగులును అదే పట్టుకుంటది. కాలిస్తే పలుకులు పెద్దగయితయి, మెత్తది పోతది. ఇగ పగులుకు అడ్డమేమున్నది?"

సేటు బావ వంక చూడలేదు, బాపు వంక చూడలేదు. నావైపు తిరిగాడు.

"అరే భాయ్, ఏనుగు అయింది, పిడుగు అయింది, ఇప్పుడు కమ్మరి కథనా? ముసలాయనకు గూడ నేర్పిచ్చినవా?"

జనం ఘొల్లుమన్నారు. జన్మలో అబద్ధమాడని బాపు "నిజమే సేటూ, నిజమే" అంటూ వాకిలి దాకా వెంట నడిచాడు. సేటు ఆగలేదు.

కొన్నాళ్లకే బావ విమానం ఎక్కాడు. ఇన్నేళ్లలో నా ఏనుగులూ పిడుగులూ అరిగి అరిగి చీమంతైనాయి. బాపు అన్న ఆ "నిజమే సేటూ" మాత్రం ఏటేటా పెద్దదవుతోంది.